ఒళ్లు చేసిన పిల్లాడికి రక్తం తక్కువా?

ప్రశ్న: మాది భీమవరం. చేపల చెరువులున్నాయి, తిండికి లోటు లేదు. బాబుకు 11 ఏళ్లు. ఎత్తు 142 సెం.మీ., బరువు 52 కిలోలు. స్కూలు బస్సు హడావుడిలో టిఫిన్ తినడు. పొడి కలిపి రోజుకు లీటరు పాలు ఇస్తున్నాం. బాక్సులో నూడుల్స్, సాయంత్రం పఫ్, కూల్‌డ్రింకు. చేప ముట్టడు. ఆయాసపడుతుంటే పరీక్ష చేయించాం, హిమోగ్లోబిన్ 10.2 వచ్చింది. మెడ వెనక నల్లబడింది కూడా. ఇంత తింటున్నా రక్తం ఎందుకు పట్టడం లేదు?

జవాబు: తిండి తక్కువై కాదమ్మా, అందులో ఐరన్ లేక. ఈ వయసులో హిమోగ్లోబిన్ 11.5 కన్నా తగ్గితే రక్తహీనతే. ముందు అనుమానించాల్సింది ఆ లీటరు పాలనే. పాలల్లో ఐరన్ దాదాపు ఉండదు. పైగా కడుపు నింపేసి ఆకలి చంపుతాయి, వాటిలోని క్యాల్షియం మిగతా తిండిలోని ఐరన్‌ను కూడా ఒంటికి పట్టనివ్వదు. రోజుకు 400 మి.లీ. చాలు, అదీ భోజనానికి దూరంగా. పొడి మానేయండి; బలానికని కలుపుతున్నారు గానీ చాలా పొడుల్లో చక్కెర వాటానే ఎక్కువ. 250 మి.లీ. కూల్‌డ్రింకులో సుమారు 26 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే ఆరు చెంచాల పైనే. రోజంతటికీ 25 గ్రాములు దాటకూడదు.

మెడ మీది నలుపు మురికి కాదు, రుద్దకండి. ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి అదొక గుర్తు. ఫాస్టింగ్ షుగర్, ఎస్‌జీపీటీ (కాలేయ పరీక్ష), లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వులు), ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) చేయించండి. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) ఒక్కటే చూసి కంగారు పడొద్దు, ఐరన్ లోపంలో అది కాస్త ఎక్కువ చూపించవచ్చు.

పొద్దున్న రెండు ఇడ్లీలు, ఉడికిన గుడ్డు పెట్టండి, బస్సులోనైనా తింటాడు. బాక్సులో పప్పు-తోటకూర అన్నం, మీద నిమ్మరసం. సాయంత్రం జామకాయ, ఉడికించిన శనగలు. చేపలో ఐరన్ మరీ ఎక్కువేం కాదు, కానీ అన్నం, ఆకుకూరల్లోని ఐరన్ ఒంటికి పట్టడానికి సాయపడుతుంది. ముల్లంటే భయమైతే పండుగప్పతో మొదలుపెట్టండి, వేపుడు కాకుండా పులుసు. పండక్కి ఒక పూతరేకు తింటే కొంపేం మునగదు.

పస్తులు పెట్టి బరువు తగ్గించొద్దు. రోజుకు గంట ఆడనిచ్చి, బరువు పెరగకుండా చూస్తే ఎత్తు పెరిగేకొద్దీ సర్దుకుంటుంది.

ఐరన్ మోతాదు పిల్లల డాక్టరే రాయాలి. పాలతో, టీతో వేయకండి. మలం నల్లగా వస్తే భయపడి ఆపకండి. నాలుగు వారాల్లో హిమోగ్లోబిన్ కనీసం 1 గ్రాము పెరగాలి. మందు సరిగా వేసినా పెరగకపోతే నులిపురుగులకూ, తలసీమియా ట్రెయిట్‌కూ (తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్త లోపం) పరీక్షలు అవసరం. పెరిగితే, మామూలు స్థాయికి వచ్చాక కూడా మరో రెండు మూడు నెలలు వాడాలి.