వేడెక్కాక ఆయిల్ ప్రెజర్ పడిపోతుంటే ఇంజిన్ విప్పాల్సిందేనా?

మీ నాన్నగారి పాత డీజిల్ జీపులో ప్రెజర్ ముల్లు పొద్దున బాగానే నిలబడుతోందనీ, వేడెక్కి స్లోలో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరుగుతూ) ఉన్నప్పుడు సున్నా దాకా జారుతోందనీ, మెకానిక్ ఇంజిన్ దింపాలంటున్నాడనీ రాశారు. అప్పుడే దింపనివ్వకండి. ముందు ఆ ముల్లు నిజం చెబుతోందో లేదో తేలాలి. ముల్లు పడినప్పుడు లోపల టకటక చప్పుడు కూడా వస్తుంటే మాత్రం వెంటనే ఆపేసి, బండిని లాగించుకుని వెళ్లండి.

రాజోలు వైపు తోటల నుంచి అంబాజీపేటకు కొబ్బరికాయలు తోలే మా జీపుకీ ఇదే జబ్బు వచ్చింది. ఒక షెడ్డులో బానెట్ ఎత్తగానే "బేరింగులు పోయాయండి" అనేశారు. ఇంకొక పెద్దాయన మాత్రం సెండర్ (ఇంజిన్‌లో ప్రెజర్ కొలిచి వైరు ద్వారా డాష్‌బోర్డు ముల్లుకి పంపే భాగం) విప్పి, ఆ మరలోనే ప్రెజర్‌ని నేరుగా చూపించే, రాగి గొట్టం ఉన్న ట్రాక్టర్ గేజి బిగించి, ఇంజిన్ బాగా వేడెక్కాక చూశారు. స్లోలో దాదాపు 15 పీఎస్ఐ (ప్రెజర్ కొలత) ఉంది. అదే సమయానికి డాష్‌బోర్డు చూపించింది 5. సెండర్ పది తక్కువ చూపిస్తోందన్నమాట. చల్లగా 50 ఉన్నప్పుడు 40 కనిపిస్తే ఎవరికీ అనుమానం రాదు, వేడి మీద 15 కాస్తా 5 అయితే గుండె జారుతుంది. మన ఉప్పుగాలికి సెండర్ టెర్మినల్ పచ్చగా చిలుం పట్టి ఉంది. కొత్తది వేసేటప్పుడు మరకి టెఫ్లాన్ టేపు దట్టంగా చుట్టనివ్వకండి. ఒంటి వైరు సెండర్‌కి ఇంజినే ఎర్త్, టేపు దాన్ని తెంపేస్తుంది.

గేజి దొరికితే స్లోలోనూ, 2000 ఆర్పీఎం దగ్గరా చూడండి. వెయ్యి ఆర్పీఎంకి 10 పీఎస్ఐ చొప్పున ఉంటే పాత ఇంజిన్‌కి ఫరవాలేదని మోటు లెక్క. మీ ఇంజిన్ మాన్యువల్ ఏం చెబితే అదే ఖాయం. గేజి మీద కేజీల్లో ఉంటే 1 కేజీ అంటే సుమారు 14 పీఎస్ఐ.

గేజిలోనూ తక్కువే వస్తే ఆయిల్ లెవెల్ చూసే స్టిక్ తీసి వాసన చూడండి. డీజిల్ వాసన కొడుతున్నా, పోయకుండానే లెవెల్ పెరుగుతున్నా ఆయిల్ పలచబడింది. డీజిల్ పంపు వైపు నుంచో ఇంజెక్టర్ల నుంచో డీజిల్ దిగుతోంది, ముందు అది ఆపాలి. సఖినేటిపల్లి పంటు (బండ్లను గోదావరి దాటించే పడవ) దిగి గట్టు ఎక్కేటప్పుడో, మలుపుల్లోనో మాత్రమే ముల్లు పడుతుంటే లెవెల్ తక్కువై స్ట్రెయినర్ (అడుగు నుంచి ఆయిల్ పీల్చే జల్లెడ) గాలి పీలుస్తోందని అనుమానించండి.

ఆయిల్ సరిగ్గానే ఉంటే ప్రెజర్ ఎక్కువైతే తెరుచుకునే రిలీఫ్ వాల్వ్ చూడండి. చిన్న నలుసు అడ్డుపడినా అది మూసుకోదు. ఆ తర్వాతే ఛాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) దింపి, స్ట్రెయినర్ మడ్డి కడిగి, క్రాంక్ తిరిగే షెల్ బేరింగులు చూడటం. చాలా ఇంజిన్లలో ఇది బండి మీదే అయిపోయే పని.

15డబ్ల్యూ-40 ఆయిల్ తీసేసి, దానికన్నా చిక్కనైన 20డబ్ల్యూ-50 పోస్తే సరిపోతుందని ఎవరో ఒకరు చెబుతారు. ముల్లు లేస్తుంది, నిజమే. బండి అమ్మేవాళ్లకి అది చాలు, మీరు ఉంచుకునేవాళ్లు కదా. ఆయిల్ మార్చేటప్పుడు పాత ఫిల్టర్ కోయించి, కాగితం మడతల్లో మెరిసే లోహపు పొడి ఉందేమో ఎండలో పెట్టి చూడండి. అది కనిపిస్తే మీ మెకానిక్ అన్నదే నిజం, ఇంజిన్ దింపించండి.