పేర్లు వచ్చేశాయి, ఇక పనులు చెప్పు

చిరంజీవి అమ్మడికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన వీడియో చూశాను. చార్టు మీద వేలు పెట్టడమే ఆలస్యం, సింహం, జిరాఫీ, డాల్ఫిన్ అంటూ బాబు గబగబా చెప్పేస్తున్నాడు. సంతోషమే. కానీ రెండున్నరేళ్లు వచ్చినా రెండు ముక్కలకు మించి మాట్లాడటం లేదని నువ్వు బెంగపడటమూ సహజమే. మీరు నేర్పినవన్నీ నామవాచకాలు. ఒకటో తరగతి పిల్లలతోనే నా ఉద్యోగమంతా గడిచింది కాబట్టి చెబుతున్నాను, జంతువుల పేర్లు ఏకరువు పెట్టే పిల్లలు కొల్లలు. "టీచర్, సీసా మూత బిగుసుకుపోయింది, తీసిపెట్టండి" అనగలిగేవాళ్లే తక్కువ. వాక్యాన్ని నడిపేది క్రియ. అది చార్టులో దొరకదు, పని జరిగే చోట దొరుకుతుంది.

అందుకని నువ్వు వంట చేసుకునే వేళ వాడి చేతికి ఫోను ఇవ్వకు. పక్కన పీట వేసి పని అప్పగించు. పచ్చి బఠాణీలు ఒలిచే పనే తీసుకో. కాయను నొక్కితే టప్పున విచ్చుకుంటుంది. గింజలు ఒలుస్తుంటే ఒకటి వేళ్ల సందులోంచి జారుతుంది, నేల మీద దొర్లుతుంది, ఫ్రిజ్ కిందకి దూరుతుంది. వాడు బోర్లా పడుకుని, చెయ్యి చాపి, తడిమి, దొరకబుచ్చుకుని వస్తాడు. అదంతా జరుగుతున్నప్పుడే నోటితో చెబుతూ ఉండు. "అదిగో, జారింది! దొర్లిపోతోంది, పట్టుకో! అయ్యో, ఫ్రిజ్ కింద దూరిందే!" మర్నాడు వాడి కారుబొమ్మ మంచం కిందకి పోయినప్పుడు "దూరింది" అని వాడే అంటాడు, చూడు. గింజలు ముక్కులోనో చెవిలోనో పెట్టుకోకుండా మాత్రం కన్నేసి ఉంచు. ఆ వయసువాళ్లకు అదో సరదా.

ఇంట్లో ఇలాంటి మాటలకు కరువేమిటి? బట్టలు ఉతుకుతాం, పిండుతాం, దులిపి ఆరేస్తాం. గిన్నెలు తోముతాం, బియ్యం కడుగుతాం, పిండి జల్లిస్తాం, పప్పు మెదుపుతాం, కొబ్బరి తురుముతాం. అన్నిటినీ "క్లీన్ చేస్తున్నా", "మిక్స్ చేస్తున్నా" అని ఒకే మూసలో పోస్తే వాడికి దక్కేది ఆ మూసే.

కొత్త మాట చెప్పడానికి పాఠం పెట్టనక్కరలేదు. 1978లో కేరీ, బార్ట్‌లెట్ అనే ఇద్దరు పరిశోధకులు మూడు, నాలుగేళ్ల పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. రెండు ట్రేలు చూపించి, వాటిలో పిల్లలకు తెలిసిన రంగు పేరు చెప్పి, "అది కాదు, క్రోమియం రంగుది తీసుకురా" అన్నారు. క్రోమియం అన్న మాట పిల్లలు అంతకుముందు విన్నది కాదు. అయినా చాలామంది సరైన ట్రే పట్టుకొచ్చారు. తెలిసినదాని పక్కన తెలియనిదాన్ని నిలబెడితే మిగతాది పిల్లలే ఊహించుకుంటారు. నువ్వూ అలాగే అడుగు. "గరిటె కాదు నాన్నా, అట్లకాడ ఇవ్వు." "పళ్లెం కాదు, జల్లెడ." తప్పు తెస్తే నవ్వేసి సరైనది నువ్వే తీసుకో, అంతే.

వీడియోలో మరొకటి గమనించాను. అల్లుడు వరసపెట్టి "ఇదేమిటి? అదేమిటి?" అంటున్నాడు. జవాబు నాన్నకు తెలుసని బాబుకీ తెలుసు. అది కబురు కాదు, పరీక్ష. దాని బదులు తను చూసింది ఏదో ఒకటి చెప్పి ఊరుకోమను. "ఇవాళ మన వీధిలో రోడ్డు తవ్వేస్తున్నారురా" అని ఆగాలి. వాడు నోరు తెరిచేదాకా ఆగడం పెద్దవాళ్లకు మహా కష్టం, నాకు తెలుసు. మనసులో ఐదు దాకా లెక్కపెట్టుకోమను.

"బంతి పడిపోయాడు" అని వాడు అంటే "అలా అనకూడదు" అని ఆపకండి. "అవును, బంతి పడిపోయింది. మెట్ల మీద నుంచి దొర్లింది కదూ?" అంటే దిద్దుబాటూ అయిపోయింది, కబురూ సాగింది.

మాటలు నేర్పుతాయని నువ్వు పెడుతున్న వీడియోల సంగతి. 2003లో ప్యాట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త బృందం తొమ్మిది నెలల అమెరికా పిల్లలకు చైనీస్ భాష వినిపించింది. ఎదురుగా మనిషి కూర్చుని ఆడిస్తూ మాట్లాడితే ఆ భాషలోని ధ్వనులను వేరుచేసి పట్టుకోగలిగారు. అదే మనిషి తెర మీద అదే మాట్లాడితే పట్టుకోలేదు. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు తెర ముందు గడిపే సమయం రోజుకు గంట దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఆ గంట కూడా ఎంత తగ్గితే అంత మంచిదని నేనంటాను.

బడిలో ఇబ్బంది పడతాడేమోనని ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడమని ఎవరో సలహా ఇచ్చారన్నావు. నీకు తడుముకోకుండా వచ్చే భాషలో మాట్లాడు. కోపం, వేళాకోళం, బుజ్జగింపు అన్నీ నీకు తెలుగులోనే వస్తాయి కదా, మరి వాడికి అరువు ఇంగ్లీషు ఎందుకు? రెండు భాషలు వింటే పిల్లలు గందరగోళపడతారన్నదీ వట్టి భయమే. వాడికి వచ్చిన మాటలు లెక్కేసేటప్పుడు మాత్రం రెండు భాషలవీ కలిపి లెక్కేయి.

బాబు గురించి నాకు దిగులు లేదు. పిలిస్తే తిరుగుతున్నాడు, చెప్పింది చేస్తున్నాడు, రెండు మాటలు కలుపుతున్నాడు. మీ ఆడపడుచు పాప సంగతి వేరు. రెండేళ్లు నిండినా రెండు మాటలు కలపకపోతే, పేరు పెట్టి పిలిస్తే ఒక్కోసారి పలకకపోతే, "వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయిలే" అని కూర్చోకూడదు. ముందు వినికిడి పరీక్ష చేయించాలి. జలుబు చేసి చెవిలో నీరు చేరినా పిల్లలకు మాటలు సరిగా వినిపించవు, చూసేవాళ్లకు అది తెలియదు. ఖర్చుకు వెనకాడితే జిల్లా ప్రభుత్వాసుపత్రిలో చిన్నపిల్లల విభాగానికి తీసుకెళ్లమను. ఈ వారంలోనే వెళ్లమని నా మాటగా చెప్పు. నొచ్చుకుంటే నా మీద నొచ్చుకోనీ.

ఆశీస్సులతో,
పెద్దమ్మ