అంకెను ఒంటరిగా పంపకమ్మా

చిరంజీవి మేనకోడలికి శ్రీకాకుళం నుంచి మావయ్య ఆశీర్వదించి రాయునది.

విజయనగరం కలెక్టరేట్‌లోని ముఖ్య ప్రణాళికాధికారి కార్యాలయంలో నీకు జిల్లా సూచికల పని అప్పగించారని, ప్రతి మూడు నెలలకూ ప్రజలకు అర్థమయ్యే ఒక సూచికల పత్రం తీసుకురమ్మన్నారని అక్క చెప్పగా విని చాలా సంతోషించాను. ఉద్యోగ జీవితమంతా గణాంక శాఖలోనే గడిపినవాణ్ని కనుక, ఈ పనిలో నీకు ఉపయోగపడతాయనిపించిన సంగతులు రాస్తున్నాను. మా కాలంలో పట్టికలన్నీ జిల్లా గణాంక దర్శినిలో అచ్చయ్యేవి. వాటిని చూసేవారు కొద్దిమందే అయినా, పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఉన్న వివరణను కూడా వారు చదివేవారు. ఇప్పుడు నువ్వు ఉదయం విడుదల చేసిన అంకెను ఎవరో ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే సాయంత్రానికి అది జిల్లా అంతా తిరిగి వస్తుంది. దాని నిర్వచనం మాత్రం నీ ఫైల్లోనే ఉండిపోతుంది. అందువల్ల ఏ అంకెనైనా అది ఎవరిని లెక్కించిందో, ఏ కాలానికి చెందిందో, ఏ హద్దుల లోపలిదో, ఎక్కడి నుంచి వచ్చిందో ఆ బొమ్మలోనే, ఆ వాక్యంలోనే చెప్పి పంపు. వివరాలు వేరే పేజీలో ఉన్నాయని రాస్తే ఆ పేజీని ఎవరూ తెరవరు.

సూచికను ఎంచుకునే ముందు దాన్ని చూసి ఎవరు ఏ నిర్ణయం తీసుకుంటారో ఒక కాగితం మీద రాసుకో. నిరుద్యోగ రేటునే తీసుకుందాం. 2017లో మొదలైన పీఎల్‌ఎఫ్‌ఎస్ అనే కేంద్ర ప్రభుత్వ ఉపాధి సర్వేలో వారం ప్రాతిపదికన చూస్తే, గడిచిన ఏడు రోజుల్లో ఏ ఒక్క రోజైనా ఒక గంట పని చేసిన మనిషి ఉపాధి ఉన్నవాడి కిందే లెక్క. మూతపడిన జనపనార మిల్లు కార్మికుడు ఆ వారంలో ఒక పూట కూలికి వెళ్లినా అతను నిరుద్యోగి కాడు. వెతికి వెతికి విసిగి పని అడగడం మానేసిన మహిళ శ్రామిక శక్తి లెక్కలోనే ఉండదు కాబట్టి, జనం ఆశ వదులుకున్నప్పుడు కూడా నిరుద్యోగ రేటు తగ్గవచ్చు. ఆ నిర్వచనం అంతర్జాతీయంగా అందరూ పాటించేదే, అందులో తప్పు పట్టవలసింది లేదు. అయితే పక్కన శ్రామిక భాగస్వామ్య రేటును, అంటే పని చేస్తున్నవారూ పని వెతుకుతున్నవారూ కలిపి జనాభాలో ఎంత శాతమో, కూడా ఇవ్వకుండా నిరుద్యోగ రేటు ఒక్కదాన్నే ఇస్తే చదివేవారికి అన్యాయం చేసినట్టే అవుతుంది.

నీకు అన్నిటికన్నా కష్టం తెచ్చిపెట్టేవి హద్దులు. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలోని 13 జిల్లాలు 26 అయినప్పుడు మీ జిల్లా నుంచి పార్వతీపురం, కురుపాం, సాలూరు ప్రాంతాలు, మా జిల్లా నుంచి పాలకొండ ప్రాంతం కలిసి పార్వతీపురం మన్యం జిల్లాగా ఏర్పడ్డాయి. మా రాజాం, సంతకవిటి, వంగర, రేగిడి ఆమదాలవలస మండలాలు మీ జిల్లాకు వచ్చాయి. 2011 జనాభా లెక్కల్లో విజయనగరం జిల్లా జనాభా 23,44,474 అనీ, అక్షరాస్యత 59 శాతానికి కాస్త తక్కువ అనీ చదివినప్పుడు అది పాత హద్దుల విజయనగరమని గుర్తుంచుకోవాలి. గిరిజన గ్రామాలు ఎక్కువగా ఉన్న ప్రాంతం విడిపోయింది కాబట్టి, కొత్తగా ఒక్క మనిషి కూడా అక్షరం నేర్చుకోకపోయినా జిల్లా సగటు మారుతుంది. ఆ మార్పును ఎవరైనా ప్రగతిగా ప్రకటిస్తే తప్పు వారిది కాదమ్మా, హద్దు చెప్పని మనదే. మండలాల వారీ పాత లెక్కలు తీసి, ఇప్పటి హద్దుల ప్రకారం మళ్లీ కూడి, ఆ శ్రేణితోనే పోల్చు. శ్రమ ఎక్కువే అయినా దీనికి దగ్గరి దారి లేదు.

ఈ పనిలో పేర్లను నమ్ముకోవద్దు. ఆమదాలవలస శ్రీకాకుళం జిల్లాలోనే ఉండగా, రేగిడి ఆమదాలవలస ఇప్పుడు మీ జిల్లాలో ఉంది. ఇక 'వలస'తో ముగిసే ఊళ్లు మన రెండు జిల్లాల్లో ఎన్ని ఉన్నాయో నీకు తెలిసిందే. ఒకే పేరును నాలుగు శాఖలు నాలుగు రకాలుగా రాస్తాయి. ప్రతి వరుసలోనూ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ కోడ్, అంటే ఒక్కో ఊరికీ మండలానికీ కేంద్రం ఇచ్చిన ప్రత్యేక సంఖ్య, ఉంచు. పట్టికలను స్కాన్ చేసిన కాగితాలుగా కాక, ఎవరైనా తెరిచి కూడుకోగలిగే ఎక్సెల్ లేదా సీఎస్‌వీ ఫైళ్లుగా ఇవ్వు.

లింగ నిష్పత్తి గురించి ప్రత్యేకంగా రాయాలనిపిస్తోంది. 2011లో వెయ్యి మంది పురుషులకు విజయనగరంలో 1019 మంది, శ్రీకాకుళంలో 1015 మంది స్త్రీలు ఉన్నారు. ఈ అంకెను ఆడపిల్లలకు మనవాళ్లు ఇచ్చే ఆదరణకు గుర్తుగా సభల్లో చెప్పగా చాలాసార్లు విన్నాను. కానీ అసలు కారణాలు వేరు. చెన్నైకి, హైదరాబాద్‌కు కూలికి వెళ్లినవారు, గుజరాత్ తీరానికి వేటకు వెళ్లి నెలల తరబడి అక్కడే ఉండే మన మత్స్యకారులు లెక్కల సమయంలో ఊళ్లో ఉండరు. స్త్రీల ఆయుర్దాయం ఎక్కువ కావడం మరో కారణం. అదే జనాభా లెక్కల్లో ఆరేళ్లలోపు పిల్లలను మాత్రమే చూస్తే రెండు జిల్లాల్లోనూ నిష్పత్తి వెయ్యికి తక్కువే. ఆడపిల్లల సంగతి తెలియాలంటే చూడవలసింది ఆ అంకెనూ, పుట్టుకల నాటి నిష్పత్తినీ. మొత్తం నిష్పత్తి చెప్పేది చాలావరకు వలస కథ. రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి, ఏది దేన్ని చెబుతుందో రెండు వాక్యాల్లో రాస్తే చాలు.

ఉద్దానం మూత్రపిండాల జబ్బు విషయంలో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో పరీక్షలు విస్తృతంగా జరిపిన ఏడాది గుర్తించిన రోగుల సంఖ్య పెరుగుతుంది, శిబిరాలు తగ్గిన ఏడాది తగ్గుతుంది. ఆ పెరుగుదల తగ్గుదలల వల్ల జబ్బు పెరిగిందో తగ్గిందో తెలియదు. ఎంతమందిని పరీక్షిస్తే ఇంతమంది బయటపడ్డారో చెప్పని అంకెను బయటకు పంపకు. పైగా దీర్ఘకాలిక జబ్బు అని నిర్ధారించాలంటే లోపం మూడు నెలలకు పైగా కొనసాగాలి. మూత్రపిండాల పనితీరు చూసే క్రియాటినిన్ రక్తపరీక్ష ఒక్కసారి చేయడంతో తేలినవారిని వేరే వరుసలో చూపాలి. చిన్న ఊళ్ల వారీగా వయసు, కులం, వృత్తి కలిపి పట్టిక ఇస్తే రోగి ఎవరో ఊరందరికీ తెలిసిపోతుంది. పెళ్లికి ఎదిగిన పిల్లలున్న ఇంటికి అది ఎంత బాధో నీకు వేరే చెప్పనక్కర్లేదు. అలాంటి గడుల్లో సంఖ్యలు చిన్నవైతే పక్క ఊళ్లతో కలిపి మండల స్థాయిలో ఇవ్వు.

నమూనా సర్వేల అంకెలకు దశాంశాలు తగిలించి జిల్లాలకు ర్యాంకులు వేయవద్దు. 400 మందిని యాదృచ్ఛికంగా ఎంచుకుని అడిగితే 50 శాతం దగ్గర పొరపాటు హద్దు అటూ ఇటూ సుమారు 5 శాతం పాయింట్లు ఉంటుంది. ఊళ్లను ఎంచి ఆ ఊళ్లలోని ఇళ్లను అడిగే పద్ధతిలో సాధారణంగా ఇంకా ఎక్కువే ఉంటుంది. అలాంటప్పుడు 51కీ 53కీ మధ్య తేడా చూసి ఒకరిని అభినందించి, మరొకరిని మందలించడం న్యాయం కాదు. శాతానికీ, శాతం పాయింటుకూ తేడాను కూడా ప్రతిసారీ పాటించు: 20 శాతం 25 అయితే పెరుగుదల 5 పాయింట్లు, లేదా 25 శాతం.

ఏ పొలంలో ఏ పంట వేశారో నమోదు చేసే ఈ-క్రాప్ వంటి శాఖల రికార్డులు చౌకగా, వెంటనే దొరుకుతాయి, వాడుకో. కానీ అవి బీమాకూ ధాన్యం కొనుగోలుకూ ముడిపడిన నమోదులు. కౌలు రైతు సాగు చేసిన పొలం భూయజమాని పేరున చేరవచ్చు. విస్తీర్ణానికి వాటిని వాడినా, దిగుబడికి పంట కోత ప్రయోగాన్నే నమ్ము. ఏ అంకెతో అధికారి పనితీరును కొలుస్తారో ఆ అంకె ఆ అధికారి చేతుల మీదుగానే వస్తున్నప్పుడు, ఏడాదికొకసారైనా వేరే దారిలో సరిచూడాలి.

విడుదల తేదీలను ఏడాది ముందే ప్రకటించు. వినియోగదారుల ధరల సూచీకి నెలలో 12వ తేదీ అని దేశమంతటికీ తెలుసు. అంకె బాగున్నా బాగులేకపోయినా ఆ తేదీ మారదన్న నమ్మకమే దాని విలువలో సగం. తర్వాత లెక్క సవరించవలసి వస్తే కారణం రాసి, పాత ఫైలును కూడా తేదీతో అక్కడే ఉంచు, మాయం చేయకు. నీ అంకెను ఎవరైనా తప్పుగా ప్రచారం చేస్తే మౌనంగా ఉండవద్దు. ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం 1994లో ఆమోదించగా 2014లో సర్వసభ్య సభ సమర్థించిన అధికారిక గణాంకాల పది మూలసూత్రాల్లో నాలుగవది, తప్పుడు వ్యాఖ్యానంపై మాట్లాడే హక్కు గణాంక సంస్థలకు ఉందని స్పష్టంగా చెబుతోంది. పై అధికారి అనుమతితో అదే రోజు, మనుషుల జోలికి పోకుండా, నిర్వచనాన్నీ సరైన అంకెనూ తేలిక తెలుగులో రాసి పంపు.

మొదటి పత్రం విడుదలైన రోజునే నాకూ ఒక ప్రతి పంపు. అంతకు ముందు ఎవరికీ, నాకైనా సరే, పంపవద్దు. ముసాయిదా దశలో నిర్వచనాల పేజీ ఒక్కటి మాత్రం, అంకెలు లేకుండా, పంపితే చదివి నాకు తోచింది రాస్తాను.

ఆశీస్సులతో,
మావయ్య
శ్రీకాకుళం