విమానాలు నేల మీద ఒకదానికొకటి ఎలా తగులుతాయి, పైలట్‌కు కనబడదా?

కనబడదు. చాలా పెద్ద విమానాల్లో కాక్‌పిట్‌లో కూర్చున్నవాళ్లకు తమ రెక్క చివర కనిపించదు. అది ఎక్కడో వెనక, పక్కకు ఉంటుంది. టవర్‌లోని కంట్రోలర్ ఏ దారిన వెళ్లాలో చెప్తాడు గానీ, రెక్కకు చోటు సరిపోతుందో లేదో చూసుకోవాల్సింది పైలటే. 2011లో న్యూయార్క్ కెనెడీ ఎయిర్‌పోర్టులో ఎ380 అనే భారీ విమానం రెక్క తగిలి చిన్న విమానం బొంగరంలా పక్కకు తిరిగిపోయింది. రెక్కల కొసలు చూపించే కెమెరాలు పెట్టించమని అమెరికాలో ప్రమాదాలు దర్యాప్తు చేసే సంస్థ ఎన్‌టీఎస్‌బీ 2012లోనే సిఫార్సు చేసింది. అయినా 2024లో అట్లాంటాలో డెల్టా కంపెనీ పెద్ద విమానం ఎ350, ఆగి ఉన్న చిన్న జెట్ తోకను విరగ్గొట్టింది. అదే ఏడాది కోల్‌కతాలో ఇండిగో రెక్క, రన్‌వే కోసం ఆగి ఉన్న ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ రెక్కకు తగిలింది. గేటు రాకముందే లేచి బ్యాగులు దించే మనవాళ్లు ఇవి గుర్తుపెట్టుకోవాలి.

నేను గల్ఫ్‌లో ఒక పెద్ద ఎయిర్‌పోర్టులో వింగ్ వాకర్‌గా చేశాను. పుష్‌బ్యాక్ అప్పుడు, అంటే విమానాన్ని గేటు నుంచి వెనక్కి నెట్టేటప్పుడు, రెక్క కొస పక్కనే నడుస్తూ దారి చూపించే పని. ఒక రాత్రి టగ్, అంటే నెట్టే బండి, విమానాన్ని వెనక్కి నెడుతోంది. నా వైపు పక్క బేలో (విమానం నిలిపే చోటులో) ఉన్న విమానం వరస దాటి బయటికి ఆగి ఉంది. చేతిలోని వాండ్స్ (వెలిగే కర్రలు) రెండూ తలమీద అడ్డంగా పెట్టి నిలబడ్డాను. అంటే ఆపమని. టగ్ డ్రైవర్ అటువైపు రెక్కను చూస్తున్నాడు. ఇంజిన్ల హోరులో అరిచినా వినబడదు. వాండ్స్ ఊపుతూ టగ్ ముందుకే పరిగెత్తాను. హెడ్‌సెట్ పెట్టుకుని పైలట్‌తో మాట్లాడే మనిషి చూసి చెయ్యెత్తాడు, బ్రేక్ పడింది. రెండు రెక్కల మధ్య మూడు మూరలు కూడా లేదు.

శభాష్ అంటారనుకున్నారా? ఆలస్యం ఎవరి ఖాతాలో, ఏ కోడ్ కింద రాయాలని తెల్లారేదాకా పంచాయితీ. నా పరుగు కూడా తప్పేనట, టగ్ ముందుకు రాకూడదు కదా!

నన్నడిగితే కెమెరాల కంటే ముందు మనుషులు కావాలి. గుద్దుకోవడాల్లో సగం మనుషుల్ని తగ్గించి తొందర పెంచినందుకే. లెక్కలు అడక్కండి, ర్యాంప్ మీద, అంటే విమానాలు నిలిపే చోట, పని చేసినవాళ్లను అడగండి. ఆ సంఘటన తర్వాత మా కంపెనీ ఏం చేసిందో తెలుసా? రాత్రి షిఫ్టులో ఒక రెక్కకే మనిషిని ఉంచింది. రెండోది డ్రైవరే చూసుకోవాలట.