పనికీ ఇంటికీ మధ్య

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో మూడు హైదరాబాదు గురించినవే. మూడింటి వెనుకా ఉన్న చిక్కు ఒక్కటే కాబట్టి వాటికి ఒకేచోట జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మా ఇంట్లో పన్నెండేళ్లుగా పనిచేస్తున్న ఆవిడకు నగర శివారులో ప్రభుత్వం డబుల్ బెడ్రూం ఇల్లు ఇచ్చింది. అందరం సంతోషించాం. ఆరు నెలలు తిరగకుండానే ఆవిడ ఆ ఇంటికి తాళం వేసి, మా వీధి వెనుక బస్తీలో మళ్లీ రేకుల గది అద్దెకు తీసుకున్నారు. ఊరికే వస్తే విలువ తెలియదని మావారు అంటున్నారు. నాకు అలా అనిపించడం లేదు గానీ, ఎందుకో చెప్పలేకపోతున్నాను.
– ఒక గృహిణి, మెహదీపట్నం

జవాబు: అమ్మా, మీకు అనిపించిందే నిజం. ఇంటి విలువ ఆవిడకు మనకంటే బాగా తెలుసు. ఆవిడ వల్ల కానిది దూరం.

మీరు ఊరి పేరు రాయలేదు కాబట్టి అందరికీ తెలిసిన కొల్లూరునే తీసుకుందాం. 2023 జూన్‌లో ప్రారంభమైన ఆ కాలనీలో 15,660 ఇళ్లున్నాయి. ఒక చిన్న పట్టణమంత కాలనీ అది. మెహదీపట్నం నుంచి అక్కడికి దాదాపు పాతిక కిలోమీటర్లు. ఔటర్ రింగు రోడ్డు పక్కనే ఉంది కాబట్టి కారున్నవారికి అది దూరమే కాదు. ఇళ్లలో పనిచేసే మనిషి లెక్క వేరు. ఉదయం ఆరున్నరకు మొదటి ఇంట్లో అంట్లు తోమి, ఎనిమిదికి రెండో ఇంటికి చేరి, మధ్యలో ఒకసారి తన ఇంటికి పోయి పిల్లలకు అన్నం డబ్బా కట్టి పంపి, పదింటికి మూడో ఇంటి గుమ్మం తొక్కితే తప్ప నెల తిరిగేసరికి ఇల్లు గడవదు. పనిచేసే ఇళ్లకు నడిచి వెళ్లగలిగినంత కాలమే ఆ రోజు అలా నడుస్తుంది. నడక పోయి ప్రయాణం వచ్చిందంటే నాలుగిళ్ల పని రెండిళ్లకు పడిపోతుంది. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవారికి ఆర్టీసీ బస్సు ప్రయాణం ఉచితమైంది, అది పెద్ద ఊరట. అయితే తగ్గింది టికెట్టు ఖర్చే, బస్టాపులో నిలబడే గంట అలాగే ఉంది.

బస్తీలో ఆవిడకు ఇంకా చాలా ఉన్నాయి. కిరాణా కొట్టులో ఖాతా, నెలనెలా కట్టే చీటీ, సాయంత్రం దాకా పిల్లను కనిపెట్టుకుని ఉండే పక్కింటి పెద్దావిడ, పని పోతే ఇంకో ఇల్లు చూపించే తోటి ఆడవాళ్లు. ఇవన్నీ ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న ఆస్తులే, కొత్త ఇంటి తాళంచెవితో పాటు అవి రావు.

ఇళ్లు ఊరి బయటే ఎందుకు కట్టారని మీరు అడగవచ్చు. స్థలం అక్కడే దొరికిందన్నది మామూలుగా వినిపించే జవాబు. కొల్లూరు ఇళ్లు ప్రారంభమైన రెండు నెలలకే, 2023 ఆగస్టులో, అదే ఔటర్ రింగు రోడ్డు మీద నగరానికి ఇంకా దగ్గరగా ఉన్న కోకాపేటలో ప్రభుత్వ భూమిని వేలం వేస్తే ఎకరం ధర వంద కోట్ల రూపాయలు దాటింది. అంటే దగ్గరలో కూడా స్థలం ఉంది. దాన్ని ఖజానా నింపుకోవడానికి అమ్ముకుని, పేదల ఇళ్లను దూరానికి పంపారు. వేలం వేయడమే తప్పని నేను అనను. కోకాపేటలో ఏ పది ఎకరాలనో పక్కన పెట్టి, ఆ భూమిలో లేవబోయే అంతస్తుల్లో పనిచేసేవారికి అక్కడే ఇళ్లు కట్టి ఉంటే బాగుండేదని మాత్రం గట్టిగా అంటాను.

ఇది కొత్త ఆలోచన ఏమీ కాదు. 1908 సెప్టెంబరులో మూసీ వరద వేలమందిని పొట్టన పెట్టుకున్న తర్వాత, నిజాం ప్రభుత్వం 1912లో నగరాభివృద్ధి సంస్థను నెలకొల్పింది. ఇరుకు బస్తీలను తొలగించిన ఆ సంస్థ నాంపల్లి, మల్లేపల్లి ప్రాంతాల్లో, అంటే నగరం లోపలే, గాలీ వెలుతురూ ఉన్న ఇళ్లు కట్టించింది. మల్లేపల్లి మీకు ఎంతో దూరం కాదు, ఒకసారి ఆ వీధుల్లో నడిచి చూడండి.

సామాన్యులకు దూరంగా ఉండిపోవడంలో మెట్రో రైలుదీ ఇదే కథ. 2020 ఫిబ్రవరి నాటికి 69 కిలోమీటర్ల మేర నడిచిన ఆ మెట్రో, మొదటి దశలోనే ఫలక్‌నుమా దాకా పోవలసి ఉండగా ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) దగ్గర ఆగిపోయింది. మిగిలిపోయిన అయిదున్నర కిలోమీటర్లు పాతబస్తీవి.

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా. గచ్చిబౌలిలో ఉద్యోగం. ఇల్లు అద్దెకు చూస్తుంటే ఏ ఊరని మొదలుపెట్టి ఏం తింటారు, మీరేమిట్లు అని అడుగుతున్నారు. నాతో పనిచేసే ముస్లిం మిత్రుడికి ఫోన్లో పేరు చెప్పగానే ఇల్లు ఖాళీ లేదనేస్తున్నారు. ఇన్ని భాషల, మతాల వారున్న నగరంలో ఇదేమిటి? చట్టం లేదా?
– ఒక ఇంజనీరు

జవాబు: చట్టం గురించి ముందుగా చెబుతాను, అది మీకు నిరాశ కలిగించేదే. మతం, కులం పేరిట వివక్ష చూపరాదనే రాజ్యాంగం 15వ అధికరణం ప్రధానంగా ప్రభుత్వాన్ని, దుకాణాలు, హోటళ్లు, బావులు వంటి బహిరంగ స్థలాలను ఉద్దేశించింది. సొంత ఇల్లు ఎవరికి అద్దెకివ్వాలన్న విషయంలో యజమానిని నేరుగా కట్టడి చేసే ప్రత్యేక చట్టం మనకు లేదు. అహ్మదాబాదులోని ఒక పార్సీ గృహనిర్మాణ సహకార సంఘం తన సభ్యత్వాన్ని పార్సీలకే పరిమితం చేసుకోవచ్చని 2005లో సుప్రీంకోర్టు తీర్పు కూడా ఇచ్చింది. ఈ లోటును పూడ్చవలసింది చట్టసభలు. వాటి మీద ఒత్తిడి తేవలసిన అవసరం మీ వంటి చదువుకున్న అద్దెదారులకే ఎక్కువగా ఉంది.

ఈ నగరంలో రకరకాల మనుషులు కలిసి బతికిన తీరు మాత్రం చట్టంతో రాలేదు. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలో కొలువుకు వచ్చిన అరబ్బుల వారసులు బార్కస్‌లో నేటికీ ఉన్నారు. సుల్తాన్ బజార్‌లో మరాఠీ, చార్‌మినార్ గల్లీలలో దక్కనీ, సికింద్రాబాదులో తమిళం పక్కపక్కనే వినిపించాయి. ఒకే బజారులో బేరమాడేవారు, ఒకే బడికి పిల్లలను పంపేవారు ఒకరినొకరు పూర్తిగా కాదనుకోలేరు. కొత్త నగరంలో ఒకే ఆదాయం వారికి ఒకే గేటు, లోపలే దుకాణం, లోపలే ఆటస్థలం. అక్కడ పరాయి మనిషి ఎదురుపడేది పనికి వచ్చినప్పుడే, అదీ చాలాచోట్ల వేరే లిఫ్టులో. ఆ లిఫ్టు మీద రాసిన మాటలు చదివిన ప్రతిసారీ నాకు మనసు చివుక్కుమంటుంది. మీ మిత్రుడి పేరు వినగానే ఫోను పెట్టేసిన యజమాని బహుశా అలాంటి పేరున్న పొరుగింటివారి కూర గిన్నె ఒక్కసారైనా అందుకుని ఉండరు.

ప్రశ్న: బయటి రాష్ట్రాల నుంచి కూలీలు విపరీతంగా వస్తున్నారు. నీళ్లు, రోడ్లు సరిపోవడం లేదు. ఈ వలసను ఆపకూడదా?
– ఒక విశ్రాంత ఉద్యోగి, నల్లగొండ

జవాబు: ఆపకూడదండీ. దేశంలో ఎక్కడైనా నివసించే హక్కు పౌరులందరిదీ. పాలమూరు లేబరు పేరుతో మనవాళ్లు దేశమంతటా ఆనకట్టలు, రోడ్లు కట్టడానికి వెళ్లింది ఆ హక్కుతోనే.

2020 మే 1న లింగంపల్లి స్టేషన్ నుంచి జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరిన రైలును గుర్తు చేసుకోండి. లాక్‌డౌన్‌లో దేశంలోనే మొట్టమొదటి శ్రామిక రైలు అది. దాదాపు 1,200 మంది కూలీలు ఎక్కారు. అప్పటిదాకా వారంతా మన పక్కనే ఉండి, మన భవనాలే కడుతున్నారు. నీళ్లు సరిపోకపోవడానికి రేకుల షెడ్డులో బకెట్టు నీళ్లతో స్నానం చేసేవారిని కారణంగా చూపడం న్యాయం కాదు.

అడగవలసినది వేరే ఉంది. 1996లో వచ్చిన భవన నిర్మాణ కార్మికుల చట్టాలు 2025 నవంబరులో సామాజిక భద్రతా స్మృతిలో కలిసిపోయాయి. ఆ ఏర్పాటు ప్రకారం నిర్మాణ ఖర్చులో 1 శాతం సెస్సు వసూలు చేసి కార్మికుల సంక్షేమానికి ఖర్చు చేయాలి. ఆ సాయం అందాలంటే కార్మికుడు గడచిన ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు చూపించి పేరు నమోదు చేయించుకోవాలి. ఉదయం అడ్డా మీద నిలబడి, రోజుకొక మేస్త్రీ వెంట వెళ్లే మనిషికి ఆ 90 రోజులకు ఎవరు సంతకం పెడతారు? మీరు ఉద్యోగం చేసి రిటైరైనవారు కాబట్టి ఇలాంటి కాగితాల సంగతి మీకు తెలుసు. మీ వీధిలో ఇల్లు కడుతున్న చోటికి ఒకసారి వెళ్లి, అక్కడి వారిలో ఎంతమందికి ఆ నమోదు కార్డు ఉందో కనుక్కుని, లేనివారి దరఖాస్తు నింపిపెట్టండి.