ఇంజన్ మార్చేద్దామంటున్నారు, మార్చమంటారా?

పాత కార్లు: మీ ప్రశ్నలు, నా జవాబులు

ప్రశ్న: అన్నగారికి నమస్కారం. మాది బరంపురం. మా తాతగారు 1970లలో కలకత్తా వెళ్లి ఎస్‌టీసీ (ప్రభుత్వ స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్) వేలంలో జాగ్వార్ మార్క్ 2 కొన్నారు. 1962 మోడల్, 3.4 లీటర్ ఇంజన్. పన్నెండేళ్లుగా షెడ్డులో పడి ఉంది. పోయిన ఏడాది స్టార్ట్ చేయించాం కానీ ఛత్రపురం దాకా వెళ్లేసరికి వేడెక్కిపోతోంది. మా బావమరిది ఇన్నోవా డీజిల్ ఇంజన్ పెట్టించి, ఏసీ, పవర్ స్టీరింగ్, అలాయ్ వీల్స్ వేసి, మొత్తం నల్లరంగు కొట్టిస్తే రోజూ తిప్పుకోవచ్చంటున్నాడు. నాన్నగారేమో ఒక్క బోల్టు కూడా కదపొద్దంటున్నారు. ఇంట్లో ఇదే గొడవ. ఏం చేయమంటారు?

జవాబు: తమ్ముడూ, ఇంజన్ మాత్రం తీయకండి. మీ ఉత్తరం చదవగానే ఫోన్ చేసి చెబుదామనుకున్నాను, అందులో నంబరు లేదు.

మీ కారులో ఉన్నది ఎక్స్‌కే ఇంజన్. ఆరు సిలిండర్లు, పైన రెండు క్యామ్‌షాఫ్టులు. 1948లో బయటికొచ్చి 1992 దాకా ఏదో ఒక రూపంలో తయారవుతూనే ఉన్న ఇంజన్ ఇది. ఫ్రాన్స్‌లో 24 గంటలు సాగే లె మాన్స్ కార్ల పోటీలో జాగ్వార్ 1951, 1953, 1955, 1956, 1957లలో 5 సార్లు గెలిచింది ఈ కుటుంబం ఇంజన్లతోనే. ఇలాంటిది ఛత్రపురం దాకా కూడా వెళ్లలేకపోతోందంటే తప్పు ఇంజన్‌ది కాదు, పన్నెండేళ్లు దాన్ని పట్టించుకోకపోవడంది. ఎక్స్‌కే బ్లాకు, అంటే సిలిండర్లుండే కింది భాగం, పోత ఇనుము; దాని మీద మూతలా ఉండే హెడ్డు అల్యూమినియం. మన దగ్గర చాలామంది రేడియేటర్‌లో కూలెంట్ బదులు బోరు నీళ్లు పోసేస్తారు. ఆ నీళ్లకు బ్లాకు లోపల తుప్పు పట్టి, అదంతా బురదలా వెనక సిలిండర్ల చుట్టూ అడుగున పేరుకుంటుంది. అక్కడికి నీళ్లు అందవు. రేడియేటర్ ఎన్నిసార్లు కడిగించినా ఆ బురద కదలదు. బ్లాకు పక్కన నీటి దారులను మూసే గుండ్రటి రేకు బిళ్లలుంటాయి, కోర్ ప్లగ్గులంటారు, అవి తీయించి, సన్నటి తీగతో గోకి, ప్రెషర్ వాటర్‌తో కొట్టించండి. ఒక పూట పని. ఆ తర్వాత థర్మోస్టాట్ కొత్తది వేసి, తుప్పు పట్టనివ్వని కూలెంట్ పోయించండి. అప్పటికీ వేడెక్కితే హెడ్డు గ్యాస్కెట్ చూడాలి, కానీ నాకు తెలిసి సగం కార్లు ఆ బురద తీసేసరికే దారిలో పడతాయి.

ఇంజన్ మార్చొద్దని ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మా ఇంట్లో ఆ పని జరిగింది. మా పెదనాన్నకు 1950ల నాటి హంబర్ హాక్ ఉండేది. 1980లలో పెట్రోలు ఖర్చు భరించలేక వైజాగ్‌లో ఒక షెడ్డుకు తీసుకెళ్లి డీజిల్ ఇంజన్ పెట్టించారు. అప్పట్లో పెద్ద కార్లున్న చాలామంది చేసిన పనే అది, ఆయన్ను తప్పుపట్టను. నేను టార్చి పట్టుకుని పక్కనే నిలబడ్డాను. ఇంజన్ పట్టలేదని ముందు క్రాస్ మెంబరు (ఇంజన్ కింద అడ్డంగా ఉండే ఇనుప దూలం) కోశారు, గేర్ రాడ్ కోసం ఫ్లోర్ కోశారు, తీసిన అసలు ఇంజన్‌ను పాత ఇనుము కింద కేజీల లెక్కన అమ్మేశారు. రెండేళ్లు తిరిగేసరికి ఆ అదురుకు డ్యాష్‌బోర్డు చెక్క చీలింది, తలుపులు సరిగా పడేవి కావు. తర్వాత నేను సంపాదనలో పడ్డాక ఆ కారుకు మళ్లీ ప్రాణం పోద్దామని మద్రాసు, కలకత్తా తిరిగాను. ఇంజన్ దొరికినా కోసేసిన ఇనుము ఎక్కడి నుంచి తెస్తాం? ఆ కారు ఇప్పుడు లేదు. ఆ రోజు ఆ ఇంజన్‌ను గోనె సంచిలో చుట్టి పెరట్లో పడేసి ఉన్నా బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

మీ మార్క్ 2కు అంబాసిడర్ లాగే వేరే ఛాసిస్ ఉండదు, బాడీయే బరువు మోస్తుంది. అంటే ఎక్కడ కోసినా కారు ఎముక కోసినట్టే. పైగా మీరు గోపాల్‌పూర్ ఉప్పుగాలికి దగ్గరగా ఉన్నారు. తలుపుల కింద ఉండే సిల్స్ లోపలి నుంచి తుప్పు పడతాయి, పైకి రంగు మెరుస్తూనే ఉంటుంది. నల్లరంగుకు పెట్టాలనుకున్న డబ్బు ముందు అక్కడ పెట్టండి. మంచి టింకరింగ్ మిస్త్రీతో స్క్రూడ్రైవర్ పెట్టి పొడిపించి చూడండి, పుట్టీ ఊడితే అక్కడ కొత్త రేకు వెల్డింగ్ చేయించాలి.

చట్టం సంగతీ చూసుకోండి. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధన ప్రకారం 50 ఏళ్లు దాటిన కారు, ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులేవీ లేకుండా అసలు రూపంలోనే ఉంటే వింటేజ్ రిజిస్ట్రేషన్ వస్తుంది. ఓడీ తర్వాత వీఏ అక్షరాలతో నంబరు ఇస్తారు. ఫీజు 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్లు. ఇంజన్ మార్చిన రోజే ఆ అర్హత పోతుంది. అయితే వీఏ నంబరు తీసుకుంటే ర్యాలీలకు, ప్రదర్శనలకు, పెట్రోలుకు, రిపేరుకు తప్ప రోజూ తిప్పడానికి వీల్లేదు, ఆఫీసుకు వెళ్దామనుకుంటే మామూలు రిజిస్ట్రేషనే ఉంచుకోవాలి. మామూలు రిజిస్ట్రేషన్‌లోనైనా ఆర్‌సీలో ఉన్న కంపెనీ వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట ఖాయం చేసింది.

అలాగని నాన్నగారి మాట పూర్తిగా నిజమని కూడా అనను. ఒక్క బోల్టు కదపకపోతే అది షెడ్డులోనే తుప్పు పట్టిపోతుంది. నాకున్న లెక్క ఒకటే: రేపు మళ్లీ వెనక్కి తీసేయగలిగిన మార్పు ఏదైనా చేసుకోవచ్చు, తుప్పు పట్టిన రేకు బాగుచేయడానికి తప్ప కోత, వెల్డింగ్ అవసరమయ్యేది ఏదీ వద్దు. డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్లు, కండెన్సర్ తీసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించండి, మూత పెడితే బయటికి కనిపించదు కూడా. కానీ మీ కారు పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ వైపు బాడీకి ఉంటుంది, దానికి సరిపోయే కిట్టే తెప్పించుకోండి. ఈ సంగతి తెలియని వాళ్లు వేరే బండి నుంచి కరెంటు అందిస్తే ఆ ఎలక్ట్రానిక్ భాగాలు కాలిపోతాయి కాబట్టి బ్యాటరీ దగ్గర పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. రేడియేటర్ ముందు చిన్న ఎలక్ట్రిక్ ఫ్యాన్, హెడ్‌లైట్లకు రిలేలు, పాత టైర్ల సైజులోనే రేడియల్ టైర్లు, సీటు బెల్టులు, ఇవన్నీ పెట్టించుకోండి. ఫస్ట్ గేరుకు సింక్రోమెష్ (గేర్లు గరగరలాడకుండా కలిపే ఏర్పాటు) లేని ఆ పాత మాస్ గేర్‌బాక్స్‌తో మన ట్రాఫిక్‌లో విసుగొస్తే ఐదు గేర్ల పెట్టె పెట్టించుకోవచ్చు, కానీ పాతదానికి ఆయిల్ పట్టించి, గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాలి. పవర్ స్టీరింగ్ కిట్లు కూడా కోత లేకుండా బిగించేవి ఉన్నాయి.

బావమరిదికి ఒక ఉదాహరణ చూపించండి. జాగ్వార్ డిజైన్ విభాగానికి అధిపతిగా పనిచేసిన ఇయాన్ కాలమ్ 2014లో తన సొంత మార్క్ 2ను చాలా మార్పించుకున్నాడు. సస్పెన్షన్ మార్చాడు, చక్రాలు మార్చాడు, బంపర్ల రూపు మార్చాడు. నాకు ఆ బంపర్లు నచ్చలేదు. కానీ ఎక్స్‌కే ఇంజన్‌ను మాత్రం అందులోనే ఉంచి 4.3 లీటర్లకు పెంచుకున్నాడు. ఏ ఇంజన్ కావాలన్నా తెచ్చుకోగల మనిషి దాన్నే ఉంచుకున్నాడంటే ఆలోచించండి.

ప్రశ్న: పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. పోయిన నెల మీరు పాత కార్లను మార్చకూడదని రాశారు. మరి 1900లో మన రాజావారు వేసిన నౌపడా చిన్న రైలు మార్గాన్ని బ్రాడ్‌గేజ్ చేసినప్పుడు అందరం సంతోషించాం కదా. రైలుకో న్యాయం, కారుకో న్యాయమా?

జవాబు: మంచి ప్రశ్న. ఆ చిన్న రైల్లో నేనూ తిరిగాను, బ్రాడ్‌గేజ్ వచ్చినప్పుడు నేనూ సంతోషించాను. కానీ ఏం జరిగిందో చూడండి: ఆ చిన్న ఇంజన్‌ను కోసి దానికి పెద్ద చక్రాలు బిగించలేదు. పట్టాలు మార్చారు, వేరే రైలు తెచ్చారు. కొత్త కారు సుఖం కావాలంటే కొత్త కారే కొనుక్కోవాలి. రోడ్డు అందరిదీ, అది మారుతూనే ఉంటుంది. మీ ఇంట్లో ఉన్న పాత బండి మాత్రం మీరు చెడగొడితే ఇంకెవరూ బాగుచేయలేరు.

ప్రశ్న: అన్నయ్యగారూ, మాది రాయగడ. నాన్నగారి హంబర్ సూపర్ స్నైప్ ఉంది. వచ్చే మాఘంలో మా అమ్మాయి పెళ్లి. ఆ కారులోనే అత్తారింటికి పంపాలని నా కోరిక. మా తమ్ముడు సీట్ల తోలు చిరిగిందని ఎర్ర రెక్సిన్ వేయించి, కారుకు తెల్లరంగు కొట్టిస్తానంటున్నాడు. పెళ్లి కదా, కొత్తగా ఉండాలంటున్నాడు.

జవాబు: అమ్మా, ముందుగా అమ్మాయికి నా ఆశీస్సులు. రంగు గురించి ఒక పని చేయండి. ఎండ పడని చోట బానెట్ మీద ఒక మూల తడిగుడ్డతో తుడిచి చూడండి. తడి ఉన్నంతసేపు లోతైన రంగు కనిపిస్తే, కింద అసలు రంగు బతికే ఉందని అర్థం. తేలికపాటి కాంపౌండ్‌తో చేత్తో, మెల్లగా పాలిష్ చేయిస్తే చాలు. మెషిన్ వద్దు, పాత రంగు పొర పలచన, అంచుల దగ్గర రేకు బయటపడుతుంది. ఒకటి రెండు గీతలు ఉండిపోనివ్వండి. అవి పడినప్పుడు స్టీరింగ్ పట్టుకున్నది నాన్నగారే కదా.

తోలు విషయంలో మాత్రం తమ్ముడిని గట్టిగా ఆపండి. రెక్సిన్ పదేళ్లకు బిగుసుకుని పగులుతుంది, పాత తోలు సంరక్షిస్తే ఇంకా చాలాకాలం ఉంటుంది. చిరిగిన చోట లోపలి నుంచి కాన్వాసు గుడ్డ అతికించి, పాత కుట్టు రంధ్రాల్లోంచే మళ్లీ కుట్టమనండి. పాత జీనులు, చర్మం పని చేసేవాళ్లు ఈ పని సీట్లు కుట్టే షాపులవాళ్ల కంటే బాగా చేస్తారు. తర్వాత తోలుకు రాసే క్రీము వారం వారం పలచగా రాయండి, మాఘం నాటికి మెత్తబడుతుంది. ఇంకో మాట, వానాకాలంలో కారు మీద ప్లాస్టిక్ పట్టా కప్పకండి, లోపల చెమ్మ పట్టి చెక్కకు బూజు, రేకుకు తుప్పు వస్తాయి. నూలు దుప్పటి చాలు. పెళ్లికి ముందు బ్రేకు గొట్టాలు మాత్రం కొత్తవి వేయించండి, అందులో పాతదనం మీద మమకారం వద్దు.

ప్రశ్న: జయపురం. 1970ల రోల్స్ రాయిస్ సిల్వర్ షాడో ఒకటి బేరానికి వచ్చింది. హైడ్రాలిక్ బ్రేకుల వ్యవస్థ తలనొప్పి అని తీసేసి మామూలు బ్రేకులు పెట్టారట. ధర తక్కువే. కొనొచ్చా?

జవాబు: వద్దు. 1965లో వచ్చిన సిల్వర్ షాడోలో బ్రేకులే అసలు విషయం. ఇంజన్ నడిపే రెండు పంపులు ఒత్తిడి పుట్టిస్తే, దాన్ని రెండు అక్యుమ్యులేటర్లు నిల్వ చేస్తాయి. కారు వెనక భాగం ఎత్తును సరిచేసేది కూడా అదే ఒత్తిడి. దీని వెనకున్న పరిజ్ఞానాన్ని సిట్రోయెన్ నుంచి లైసెన్సు మీద తీసుకున్నారు. రెండు టన్నులు దాటిన కారును ఆపడానికి లెక్క కట్టి పెట్టిన వ్యవస్థను తీసేసి, ఏదో బండి మాస్టర్ సిలిండర్ బిగించి జయపురం ఘాట్‌లో దిగడం ప్రాణాలతో ఆట.

వ్యవస్థ అలాగే ఉన్న సిల్వర్ షాడో ఎక్కడైనా దొరికితే ఇలా చూడండి. ఇంజన్ కాసేపు నడిపి ఆపండి, ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి బ్రేకు తొక్కుతూ డ్యాష్‌బోర్డులో హెచ్చరిక లైట్లు ఎప్పుడు వెలుగుతాయో లెక్కపెట్టండి. రెండు మూడు తొక్కులకే వెలిగితే అక్యుమ్యులేటర్లలో గ్యాస్ పోయినట్టు. అది భయపడాల్సిన రిపేరు కాదు, ఖర్చు మాత్రం ఉంటుంది, ధరలో తగ్గించమని అడగండి. ఇందులో పోయాల్సింది ఆర్ఆర్363 అనే ద్రవం, పంపులు అరగకుండా అందులో ఆముదం కలుపుతారు. మామూలు బ్రేకు ఆయిల్ పోస్తే పంపులు పాడవుతాయి. 1980లో వచ్చిన సిల్వర్ స్పిరిట్‌కు వాడే ఆకుపచ్చ మినరల్ ఆయిల్ పోస్తే రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి. చాలా సిల్వర్ షాడోలు ఇలాంటి తప్పు ఆయిల్ పోసినందుకే పాడయ్యాయి, నింద మాత్రం డిజైన్ మీద పడింది.

ప్రశ్న: గుణుపురం నుంచి. ఇప్పుడొస్తున్న ఇథనాల్ పెట్రోలు పాత ఎస్‌యూ కార్బురేటర్లకు పడుతుందా?

జవాబు: గొట్టాలు మారిస్తే పడుతుంది. ఇథనాల్ పాత రబ్బరును మెత్తబరుస్తుంది, గాలిలో చెమ్మను పీల్చుకుని ట్యాంకు అడుగున తుప్పు పెడుతుంది. ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా ఉన్న రబ్బరు గొట్టాలన్నీ ఇథనాల్‌కు తట్టుకునేవి వేయించండి, పంపు డయాఫ్రమ్ కూడా చూడమనండి. మిశ్రమం కాస్త పలచబడుతుంది కాబట్టి ప్లగ్గులు తెల్లబడుతుంటే జెట్ (పెట్రోలు వచ్చే సన్నటి గొట్టం) కింద ఉండే ఆరు పలకల నట్టును ఒకటి రెండు పలకలంత కిందికి తిప్పి, రెండు కార్బురేటర్లకూ సమానంగా సరిచేయించండి. నెలల తరబడి ఆపేసే ముందు ట్యాంకు ఖాళీ చేయండి. మొదటి నెల ప్రతి ఆదివారం బానెట్ ఎత్తి గొట్టాల చివర్లు వేలితో నొక్కి చూడండి, తడి తగిలితే ఆ రోజు బండి తీయొద్దు.