ఇన్‌స్క్రిప్ట్‌లో ఎడమ చిటికెనవేలి నొప్పికి ఉపాయం

గవర్నర్‌పేటలోని డీటీపీ సెంటర్లో రోజంతా ఇన్‌స్క్రిప్ట్‌ అనే కీబోర్డు అమరికలో టైపు చేయడంవల్ల ఎడమ చిటికెనవేలు లాగేస్తోందని, కొత్తగా కొన్న స్ప్లిట్ కీబోర్డుకు (రెండు చేతులకూ రెండు భాగాలుగా విడిగా ఉండేది) అక్షరాలన్నీ సొంతంగా అమర్చుకోవాలా అని మీరు అడిగారు. అంత శ్రమ అక్కరలేదు.

ఇన్‌స్క్రిప్ట్ భారతీయ లిపులకు ఉమ్మడిగా రూపొందినది కనుక, హిందీకి అవసరంలేని ఎత్వం జెడ్ మీటకూ, ఒత్వం ఒకటి అంకెకు ఎడమనున్న మూలకూ పోయాయి; ఈ రెండూ ఎడమ చిటికెనవేలితో నొక్కాల్సినవే. మనకేమో ‘చెప్పు’, ‘కొను’ వంటి మాటలు అడుగడుగునా తగులుతాయి. మీ కీబోర్డు క్యూఎంకే ఫర్మ్‌వేర్‌తో (ఏ మీట ఏ పని చేయాలో మార్చుకోనిచ్చే, కీబోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) నడిచేదైతే, ఎడమ బొటనవేలి కింది రెండు మీటలకు ఆ రెండు మీటల కోడ్‌లను ఇవ్వండి. కంప్యూటరుకు చేరేది కోడ్ మాత్రమే గాని ఏ వేలు నొక్కిందన్నది కాదు కాబట్టి విండోస్‌లో ఏమీ మార్చనవసరం లేదు.

అచ్చులూ ఒత్తక్షరాలైన ఖ, ఘ వంటివీ షిఫ్ట్‌తోనే వస్తాయి. షిఫ్ట్‌ను మాటిమాటికీ చిటికెనవేలితో నొక్కడమే నొప్పికి అసలు కారణమని నా అనుమానం. షిఫ్ట్‌ను కుడి బొటనవేలికి మార్చండి. పొల్లు మాత్రం డి మీట మీద, బలమైన మధ్యవేలి కిందే ఉంది, దాన్ని కదపవద్దు. పాత మీటలను కూడా అలాగే ఉంచితే, సెంటర్లోని మరో కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడు చేయి తడబడదు.